పాసైన టెస్టు, తప్పు కోడు: లోహాల్లో ఎలక్ట్రాన్ల కథ

ఇంటర్లో ఎంపీసీ చదివి, ఇంజనీరింగులో ఏదో ఒక బ్రాంచిలో పడి, చివరికి అందరం కీబోర్డు ముందే తేలాం కదా. మనలో ఎవర్ని లేపి లోహ బంధం అంటే ఏంటని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. ధన అయాన్లు వరసగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య ఎలక్ట్రాన్ల సముద్రం ఉంటుంది, ఆ సముద్రమే అన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. అందుకే లోహాలు కరెంటునీ వేడినీ మోస్తాయి, అందుకే మెరుస్తాయి, అందుకే సుత్తితో కొడితే పగలకుండా సాగుతాయి. నాలుగు పాయింట్లు, నాలుగు మార్కులు.

వినడానికి చాలా బావుంటుంది. ఒక్క బొమ్మ గీస్తే అన్నీ తేలిపోతాయి. ఇబ్బంది ఏంటంటే ఈ బొమ్మ 1900 నాటిది. అది మొదటిసారి పరీక్షకి నిలబడినప్పుడు పాసైన మాట నిజమే గానీ, లోపల ఉన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల పాసైంది. ఆ సంగతి బయటపడి, సరైన లెక్క రావడానికి ఇరవయ్యేడేళ్ళు పట్టింది. అవుట్‌పుట్ కరెక్టుగా వస్తోంది కాబట్టి కోడు ముట్టుకోవద్దు అనే మేనేజర్ల కింద పనిచేసిన మనకి ఈ కథ నచ్చాలి.

కథ 1853లో మొదలవుతుంది. గుస్టావ్ వీడమన్, రుడాల్ఫ్ ఫ్రాంజ్ అనే ఇద్దరు జర్మన్లు రకరకాల లోహాల కడ్డీలు తీసుకుని అవి కరెంటుని ఎంత బాగా మోస్తాయో, వేడిని ఎంత బాగా మోస్తాయో పోల్చి చూశారు. వెండి రెండిట్లోనూ ముందుంది, రాగి దాని వెనకే, ఇనుము, సీసం బాగా వెనక. వింత ఏంటంటే, ఈ రెంటి నిష్పత్తి ఏ లోహానికి చూసినా దాదాపు ఒకటే! తర్వాత డెన్మార్క్‌కి చెందిన లుడ్విగ్ లోరెంజ్ ఆ నిష్పత్తి ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుందని చెప్పాడు. అంటే నిష్పత్తిని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఒక స్థిరాంకం మిగుల్తుంది. చాలా లోహాలకి అది 2.2కీ 2.6కీ మధ్య ఉంటుంది (పదికి మైనస్ ఎనిమిదో ఘాతం, యూనిట్ల గొడవ ఇక్కడ వదిలేద్దాం). ఎందుకలా అన్నది మాత్రం అప్పట్లో ఎవరికీ తెలీదు. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందనే తెలీదు మరి.

1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ ఉందని తేల్చాడు. మూడేళ్ళు తిరక్కుండా పాల్ డ్రూడే రంగంలోకి దిగాడు. ఈయన అసలు కాంతి శాస్త్రం మనిషి. లోహాల మీద వెలుగు ఎలా పరావర్తనం చెందుతుందో కొలుస్తూ పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంది. సీసాలో గ్యాసు ఎలా ఉంటుందో లోహంలో ఎలక్ట్రాన్లు అలా ఉన్నాయనుకుందాం. అటూ ఇటూ పరిగెడుతూ అయాన్లకి గుద్దుకుంటూ ఉంటాయి. బ్యాటరీ తగిలిస్తే ఆ గందరగోళం మధ్యే మొత్తం గుంపు ఒక పక్కకి కొంచెం కొంచెం జరుగుతుంది, అదే కరెంటు. ఒక కొసని వేడిచేస్తే అక్కడి ఎలక్ట్రాన్లు ఎక్కువ వేగంతో బయల్దేరి ఇవతలకి వేడిని మోసుకొస్తాయి. రెండు పనులూ చేసేది ఒకళ్ళే కాబట్టి రెండూ కలిసి పెరగడంలో వింత లేదు.

లెక్క వేశాడు. ఈనాటి స్థిరాంకాలతో రాస్తే ఆయన సూత్రం 2.23 ఇస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర రాగికి కొలిచిన విలువా 2.23. ఇంకేం కావాలి?

ఇప్పుడు కోడ్ రివ్యూ చేద్దాం.

మొదటి బగ్ చాలా చిన్నది, ముద్దొచ్చేది. ఎలక్ట్రాన్ ఒకసారి గుద్దుకున్నాక మళ్ళీ గుద్దుకునేదాకా సగటున ఇంత సమయం పడుతుంది అనుకుందాం. ఏదో ఒక క్షణంలో మనం చూస్తే, అది చివరిసారి గుద్దుకుని ఎంతసేపైంది? అందులో సగం అన్నట్టుగా డ్రూడే లెక్క సాగింది. మనకీ అలాగే అనిపిస్తుంది. సగటున పది నిమిషాలకో బస్సు వస్తుంటే స్టాపులో మనం నిలబడాల్సింది సగటున ఐదు నిమిషాలు అనుకుంటాం. బస్సులు టైము ప్రకారం వస్తే అది నిజమే. కానీ ఇష్టమొచ్చినట్టు వస్తే (అంటే మన ఊళ్ళో లాగా) సగటు ఎదురుచూపు పది నిమిషాలే. ఎందుకంటే మనం స్టాపుకి చేరే క్షణం పెద్ద గ్యాపులో పడే అవకాశమే ఎక్కువ. క్యూయింగ్ థియరీ చదివినవాళ్ళకి ఇది పాత చుట్టమే. దీనివల్ల డ్రూడే విద్యుద్వాహకత సగానికి తగ్గి, నిష్పత్తి రెండింతలైంది. ఈ బగ్ సరిచేస్తే జవాబు 2.23 కాదు, 1.11.

రెండో బగ్, మూడో బగ్ చిన్నవి కావు. ఎలక్ట్రాన్లని మామూలు గ్యాసు అనుకోవడం వల్ల అవి పీల్చుకునే వేడిని ఆయన సుమారు వంద రెట్లు ఎక్కువ వేశాడు. అదే కారణంగా వాటి వేగాన్ని తక్కువ వేశాడు. గది ఉష్ణోగ్రతలో ఆయన లెక్కకి ఎలక్ట్రాన్ వేగం సెకనుకి 117 కిలోమీటర్లు, రాగిలో అసలు వేగం 1,570 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సూత్రంలోకి వచ్చేది వేగం వర్గం కాబట్టి అక్కడా వంద రెట్లకి పైగా తేడా. ఒకటి పైకి, ఇంకోటి కిందకి. రెండూ గుణిస్తే... చెల్లుకు చెల్లు!

దీని తర్వాత జరిగింది ఇంకా బావుంటుంది. 1905లో హాలండ్‌లో హెచ్.ఎ. లోరెంట్జ్ (మన పుస్తకాల్లో లోరెంట్జ్ బలం ఉందే, ఆయన) ఇదే లెక్కని పద్ధతిగా, ఎక్కడా షార్ట్‌కట్లు లేకుండా చేశాడు. అన్ని ఎలక్ట్రాన్లకీ ఒకటే వేగం అనుకోకుండా, ఎన్నిటికి ఎంతెంత వేగం ఉంటుందో మాక్స్‌వెల్, బోల్ట్జ్‌మన్ల సూత్రం ప్రకారం తీసుకున్నాడు. జవాబు 1.48. శుభ్రం చేసిన కోడుకి టెస్టు ఫెయిలైంది! మనం అయితే పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళం. శుభ్రంగా రాసిన కోడు ఫెయిలైతే తప్పు రాతలో లేదు, స్పెసిఫికేషన్లో ఉంది. దాన్ని పట్టుకోవడం అంత తేలిక కాదు.

నిజానికి అనుమానించడానికి కారణాలు ముందు నుంచీ ఉన్నాయి. డ్యూలాంగ్, పెటిట్ అనే ఫ్రెంచివాళ్ళు 1819లోనే ఘనపదార్థాల విశిష్టోష్ణం మీద ఒక నియమం చెప్పారు. ఒక మోల్ ఏ లోహం తీసుకున్నా ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి దాదాపు 25 జౌళ్ళు కావాలి. ఇది పరమాణువుల కదలికకే సరిపోతుంది. డ్రూడే చెప్పినట్టు పరమాణువుకో స్వేచ్ఛా ఎలక్ట్రాన్ గ్యాసులా తిరుగుతుంటే ఇంకో 12 జౌళ్ళు కలిసి 37 కావాలి. రాగికి కొలిస్తే వచ్చేది 24.5. అంటే కరెంటు మోసేటప్పుడు హాజరైన ఎలక్ట్రాన్లన్నీ వేడి పంచుకునేటప్పుడు మాత్రం గైర్హాజరు. హాల్ ప్రభావం ఇంకో తలనొప్పి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో కరెంటుని మోసేది ధనావేశమా రుణావేశమా అన్నది చెప్పొచ్చు. జింకు, బెరీలియం లాంటి వాటిలో కొలిస్తే ధనావేశం అని వస్తుంది. ఎలక్ట్రాన్ల సముద్రంలో ధనావేశం ఎక్కడ ఈదుతోంది మరి?

నీల్స్ బోర్ డాక్టరేటు చేసింది దీని మీదే అని చాలామందికి తెలియదు. హైడ్రోజన్ పరమాణువు మీదకి రాకముందు, 1911లో కోపెన్‌హాగెన్‌లో ఆయన థీసిస్ లోహాల ఎలక్ట్రాన్ సిద్ధాంతం. పాత భౌతికశాస్త్రంతో లోహాల అయస్కాంత గుణాలు ఎంత గింజుకున్నా రావని అందులో తేల్చేశాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని కేంబ్రిడ్జి వెళ్ళి థామ్సన్ చేతికిచ్చాడు గానీ అచ్చు వెయ్యడం కుదర్లేదు.

డ్రూడే ఇవేవీ చూడలేదు. ఆయన 1900 నుంచీ 'అన్నాలెన్ డెర్ ఫిజిక్' పత్రికకి ఎడిటర్. 1905లో ఐన్‌స్టీన్ పేపర్లు అచ్చయింది ఆయన హయాంలోనే. ఆ ఏడాదే బెర్లిన్ ఫిజిక్స్ సంస్థకి డైరెక్టర్ అయ్యాడు. 1906 జూన్ ఆఖర్లో ప్రష్యన్ అకాడమీలో సభ్యుడిగా మొదటి ఉపన్యాసం ఇచ్చి, వారం తిరిగేలోపు, జులై 5న తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. వయసు 42.

సమస్య విడిపోవడానికి అవసరమైన ముక్క లోహాల్లోంచి రాలేదు. 1925లో పౌలీ ఒక నియమం పెట్టాడు, ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదని. మరుసటి ఏడాది ఫెర్మి, డిరాక్ ఎవరికి వారు ఆ నియమాన్ని పాటించే కణాల గుంపు ఎలా నడుచుకుంటుందో లెక్క కట్టారు. 1927లో మ్యూనిక్‌లో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ (పౌలీకీ హైజెన్‌బర్గ్‌కీ గురువు, నోబెల్‌కి 80 సార్లకి పైగా నామినేట్ అయి ఒక్కసారీ తెచ్చుకోనివాడు) డ్రూడే మోడల్‌ని అలాగే ఉంచి, లోపలి ఒక్క ఫంక్షన్ని మార్చాడు. మామూలు గ్యాసు లెక్క తీసేసి ఫెర్మి-డిరాక్ లెక్క పెట్టాడు.

హౌస్‌ఫుల్ అయిన సినిమా హాలు ఊహించుకోండి. సీటుకి ఒకళ్ళే. కింది వరసల్లో ఉన్నవాడు లేచి పక్క సీటుకో వెనక సీటుకో మారదామంటే అన్నీ నిండి ఉన్నాయి. చిట్టచివర, ఖాళీ సీట్లకి ఆనుకుని ఉన్నవాళ్ళు మాత్రమే కదలగలరు. రాగిలో ఎలక్ట్రాన్లు అంతే. శక్తి స్థాయిలన్నీ అడుగు నుంచి నిండిపోయి ఉంటాయి. గది వేడి ఇచ్చే చిన్న తోపుకి కదలగలిగేది పైవరస ఎలక్ట్రాన్లే, అంటే వందకి ఒకటో రెండో. అందుకే విశిష్టోష్ణంలో వాటి జాడ కనబడలేదు. ఆ పైవరసవి మామూలు గ్యాసు కంటే ఎంతో వేగంగా తిరుగుతుంటాయి, సున్నా కెల్విన్ దగ్గర కూడా! అలాంటి వేగం మామూలు గ్యాసుకి రావాలంటే 80 వేల డిగ్రీలు వేడి చెయ్యాలి. (మన ఇంటి తీగలో, చదరపు మిల్లీమీటరుకి ఒక ఆంపియర్ చొప్పున పోతుంటే, ఆ గుంపు ముందుకి జరిగే వేగం మాత్రం సెకనుకి మిల్లీమీటర్లో పదో వంతు కూడా ఉండదు. నత్త నయం.) సోమర్‌ఫెల్డ్ జవాబు 2.44. సరిగ్గా, సరైన కారణాలతో.

ఇక్కడ కథ మద్రాసు వస్తుంది. 1928లో సోమర్‌ఫెల్డ్ ఇండియా పర్యటనకి వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో మాట్లాడాడు. అక్కడ చదువుతున్న ఒక కుర్రాడు ఆయన పరమాణు నిర్మాణం పుస్తకం మొత్తం బట్టీ కొట్టేసి ఉన్నాడు. వెళ్ళి కలిసి ఆ మాట చెప్పాడు. ఆ పుస్తకంలోని భౌతికశాస్త్రం మారిపోయిందని సోమర్‌ఫెల్డ్ అతన్ని కూర్చోబెట్టి చెప్పి, లోహాల ఎలక్ట్రాన్ సిద్ధాంతం మీద తన పేపర్ ప్రూఫు చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు ఎస్. చంద్రశేఖర్. ఆ ప్రూఫు చదివి కొత్త గణాంకాల మీద పేపరు రాస్తే 1929లో లండన్ రాయల్ సొసైటీ వేసింది. 1930లో ఇంగ్లండ్ వెళ్ళే ఓడలో అదే ఫెర్మి-డిరాక్ లెక్కని చచ్చిపోయిన నక్షత్రాలకి పెట్టి చూశాడు. శ్వేత మరుగుజ్జు నక్షత్రం కుప్పకూలకుండా ఆపేది కూడా ఈ నిండిపోయిన సీట్లే, ఆ ఆపడానికి ఒక హద్దుంది. చంద్రశేఖర్ పరిమితికి, మన గోడలో ఉన్న రాగి తీగకి చుట్టరికం అదీ. నాకు తెలిసి మన పుస్తకాల్లో ఎక్కడా ఈ రెండిటినీ ఒకే పేజీలో పెట్టరు, అదో బాధ.

సోమర్‌ఫెల్డ్‌తో అయిపోలేదు. డ్రూడే నమ్మినట్టు ఎలక్ట్రాన్లు అయాన్లకి గుద్దుకుంటాయన్న మాటని 1928లో ఫెలిక్స్ బ్లాక్ కొట్టిపారేశాడు. లైప్జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేటు చేస్తున్న కుర్రాడు, పాతికేళ్ళు కూడా లేవు. ఎలక్ట్రాన్ తరంగం కాబట్టి, పరమాణువులు తప్పుపోకుండా వరసగా ఉన్నంతసేపూ అది అడ్డం లేకుండా సాగిపోతుందని చూపించాడు. అడ్డుపడేది అయాన్లు కాదు, ఆ వరసలో తేడాలు. వేడికి పరమాణువులు వణకడం, మధ్యలో ఇంకో రకం పరమాణువు దూరడం. అందుకే తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. రాగిలో గది ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్ ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య సుమారు 40 నానోమీటర్లు పోతుంది, అంటే నూటయాభై పరమాణువులు దాటుతుంది.

ఈ 40 అనే అంకె మన పొట్టకూటికి సంబంధించినది. చిప్పుల్లో ట్రాన్సిస్టర్లని కలిపే తీగలు ఒకప్పుడు అల్యూమినియం. 1997లో ఐబీఎమ్ రాగి వాడతామని ప్రకటించింది. రాగి నిరోధం తక్కువ కదా. కానీ తీగ వెడల్పు 40 నానోమీటర్ల కంటే తగ్గే కొద్దీ ఎలక్ట్రాన్ పరమాణువుల వణుకు కంటే తీగ గోడలకే ఎక్కువగా గుద్దుకుంటుంది, నిరోధం అమాంతం పెరుగుతుంది. అందుకే ఇంటెల్ తన 10 నానోమీటర్ తరంలో బాగా సన్నటి తీగలకి కోబాల్ట్ వాడింది. మామూలుగా చూస్తే కోబాల్ట్ రాగి కంటే నాసిరకం వాహకమే, కానీ అందులో ఎలక్ట్రాన్ దూకుడు చిన్నది కాబట్టి ఇరుకులో దానికొచ్చే నష్టం తక్కువ.

1929లో పైర్ల్స్ హాల్ ప్రభావం చిక్కు విప్పాడు. దాదాపు నిండిన హాల్లో మనుషుల్ని లెక్కపెట్టడం కంటే ఖాళీ సీటు ఎటు జరుగుతోందో చూడ్డం తేలిక, ఆ ఖాళీయే ధనావేశంలా కనబడుతుంది. 1931లో అలన్ విల్సన్ వరసల మధ్య ఖాళీలున్నవి బంధకాలు, చిన్న ఖాళీ ఉన్నవి అర్ధవాహకాలు అని తేల్చాడు. లోహం ఎందుకు లోహమో సరిగ్గా తెలిశాకే సిలికాన్ ఎందుకు లోహం కాదో తెలిసింది. పదహారేళ్ళకి బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్.

ఇంతకీ అసలు ప్రశ్న, ఈ ముక్కలన్నీ కలిసి ఎందుకుంటున్నాయి? సోడియంలో ఒక్కో పరమాణువు చుట్టూ ఎనిమిది పరమాణువులుంటాయి, ఇవ్వడానికి దాని దగ్గర ఉన్నది ఒక్క ఎలక్ట్రాన్. మామూలు బంధాలకి చాలదు. 1933లో ప్రిన్స్‌టన్‌లో విగ్నర్, సీట్జ్ మొదటిసారి ఆ లెక్క చేశారు. ఎలక్ట్రాన్ని ఒక పరమాణువు దగ్గరే ఇరికించి ఉంచాలంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, అందరి మధ్యా పరుచుకోనిస్తే తగ్గుతుంది. ఆ మిగులే బంధం. సముద్రం అన్న మాట తప్పు కాదు, అది జిగురులా అంటుకుంటుందన్న ఊహే తప్పు.

సాగే గుణం సంగతి ఇంకా అన్యాయం. పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, ఎలక్ట్రాన్ల సముద్రం అతుకు పోకుండా చూస్తుంది అని మనం రాసి మార్కులు తెచ్చుకున్నాం. సోవియట్ భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రెంకెల్ 1926లో, పొర మొత్తం ఒకేసారి జారాలంటే ఎంత బలం కావాలో లెక్కగట్టాడు. శుద్ధమైన లోహ స్ఫటికాలకి నిజంగా కావాల్సిన దానికంటే అది వేల రెట్లు ఎక్కువ వచ్చింది! పుస్తకంలో చెప్పినట్టే లోహాలు ఉంటే రాగి తీగని చేత్తో వంచలేం. జవాబు 1934లో వచ్చింది, టేలర్, ఒరోవాన్, పోలన్యీ ముగ్గురూ విడివిడిగా. పెద్ద తివాచీని ఒక కొస పట్టుకుని లాగితే కదలదు. ఒక అంచున ముడత లేపి ఆ ముడతని ఇవతల నుంచి అవతలకి తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. స్ఫటికాల్లో అలాంటి ముడతలు ముందే ఉంటాయి, జారేది అవే. 1956లో కేంబ్రిడ్జిలో అల్యూమినియం రేకులో అవి కదలడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు కూడా. సముద్రం పాత్ర ఏంటంటే, ముడత జారేటప్పుడు ఫలానా పరమాణువే పక్కన ఉండాలన్న పట్టింపు లేకపోవడం. ఉప్పులో ఆ పట్టింపు ఉంది, జరిగితే ఒకే ఆవేశాలు ఎదురెదురుగా వచ్చి పగులుతుంది.

ముడతలు మరీ ఎక్కువైతే ఒకదానికొకటి చిక్కుపడి కదలవు. తీగని ఒకేచోట అటూ ఇటూ వంచితే గట్టిపడి చివరికి విరిగేది అందుకే. ఇత్తడి రేకుని కొట్టి బొమ్మలు లేపే పెంబర్తి పనివాళ్ళ లాంటి వాళ్ళకి ఈ సంగతి చేతుల్లోనే ఉంది. రేకు మొండికేస్తే నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతారు. ఆ కాల్పులో పోయేవి ఆ చిక్కులే.

వీడమన్, ఫ్రాంజ్ పెట్టిన టెస్టు ఇప్పటికీ వాడుకలోనే ఉంది. 2017లో బర్క్‌లీ పరిశోధకులు దాన్ని వెనేడియం డయాక్సైడ్ మీద నడిపారు. ఈ పదార్థం 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర బంధకం నుంచి లోహంగా మారుతుంది. మారాక కరెంటుని బాగానే మోసింది గానీ, ఎలక్ట్రాన్లు మోసిన వేడి మాత్రం ఆ నియమం ప్రకారం రావాల్సిన దాంట్లో పదో వంతే ఉంది. ఇందులో ఎలక్ట్రాన్లు ఎవరి దారిన వాళ్ళు పోయే గ్యాసులా కాకుండా, అన్నీ కలిసి ఒక ద్రవంలా పారుతున్నాయన్నది వాళ్ళ వివరణ.